ఎక్స్‌గ్రేషియా ప్రకటించిన తర్వాత

ఉగ్రవాద దాడి జరిగాక ప్రభుత్వం ఖర్చు పెట్టే డబ్బు గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఇదేదో ఢిల్లీ సంగతి, ముంబయి సంగతి, మనకెందుకు అనుకోకండి. సూర్యాపేట హైటెక్ బస్టాండు మీకందరికీ తెలుసు. తుంగతుర్తి నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి బయల్దేరినవాళ్ళు ఎందరో ఆ బస్టాండు చూసినవాళ్ళే. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి వేళ పోలీసులు అక్కడ బస్సులు తనిఖీ చేస్తున్నారు. ప్రయాణికుల్లో ఇద్దరు తుపాకులు తీసి కాల్చారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు ప్రాణాలు కోల్పోయారు. ఇన్‌స్పెక్టరుకు తీవ్రమైన గాయాలయ్యాయి. రెండు రోజుల గాలింపు తర్వాత, ఏప్రిల్ 4న, మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ పోలీసులకు ఎదురుపడ్డారు. మోత్కూరు అంటే మన తుంగతుర్తి నియోజకవర్గమే. ఆ కాల్పుల్లో ఇద్దరు ముష్కరులూ చనిపోయారు. కానిస్టేబుల్ నాగరాజు నేలకొరిగారు. ఒంట్లో తూటాలు దిగిన ఎస్సై సిద్ధయ్య మూడు రోజులు మృత్యువుతో పోరాడి, ఏప్రిల్ 7న ఆస్పత్రిలో కన్నుమూశారు. చంపినవాళ్ళు సిమి సంస్థకు చెందినవాళ్ళనీ, 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్నవాళ్ళనీ ఆ తర్వాత తేలింది. ఎక్కడి ఖండ్వా, ఎక్కడి జానకీపురం. పత్తి చేల మధ్య, వరి పొలాల మధ్య ఉన్న ఊళ్ళకు కూడా ఈ కష్టం వస్తుందని ఆ వారం మనకు తెలిసింది.

ఇలాంటిది జరిగినప్పుడు ప్రభుత్వం రెండు పనులకు డబ్బు తీస్తుంది. ఒకటి భద్రత. అంటే ఆయుధాలు, వాహనాలు, కెమెరాలు, కొత్త బలగాలు. రెండోది ఆదుకోవడం. అంటే చనిపోయినవారి కుటుంబానికి సాయం, గాయపడ్డవారికి వైద్యం, కూలిన బతుకుల్ని మళ్ళీ నిలబెట్టడం. మొదటిదానికి శాఖ ఉంది, బడ్జెట్టు పద్దు ఉంది, ఏటేటా లెక్క ఉంది. రెండోది మాత్రం చాలావరకు ఒక ప్రకటనతో మొదలై, ఆ ప్రకటనతోనే ముగిసిపోతోంది. నేను ఈ పూట మీ ముందు పెట్టదలచుకున్న మాట ఒక్కటే. ఉగ్రవాద బాధితులకు అందే సాయం ఆ రోజు అధికారంలో ఉన్నవారి దయ మీద ఆధారపడకూడదు. అది చట్టం ఇచ్చిన హక్కు కావాలి. దానికి ముందే పక్కన పెట్టిన నిధి ఉండాలి. ఎంత ఇచ్చారన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఎప్పుడు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎన్నాళ్ళు ఇచ్చారు, ఈ మూడూ అడగాలి. ఎప్పుడు, ఎవరికి, ఎన్నాళ్ళు. ఈ మూడు మాటలూ దయచేసి గుర్తుంచుకోండి. మళ్ళీ మళ్ళీ వీటి దగ్గరికే వస్తాను.

ముందుగా 'ఎప్పుడు' అన్న ప్రశ్న. 2007 మనకు చేదు సంవత్సరం. మే 18న మక్కా మసీదులో, శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలింది. ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో ఒకటి, కోఠిలో గోకుల్ చాట్ దగ్గర ఒకటి పేలాయి. ఆ ఒక్క సాయంత్రం 40 మందికి పైగా చనిపోయారు. లుంబినీ పార్కులో లేజర్ షో చూడ్డానికి వచ్చినవాళ్ళలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా ఉన్నారు. ఆ పిల్లల తల్లిదండ్రుల స్థితి ఒక్కసారి ఊహించండి. పిల్లలు పోయింది హైదరాబాదులో. తాముండేది వేరే రాష్ట్రంలో. భాష తెలియదు, ఏ ఆఫీసుకు పోవాలో తెలియదు. అప్పటికి దేశమంతటికీ వర్తించే సాయం పథకం ఒక్కటీ లేదు. పౌరులు ఉగ్రవాద హింసకో, మత ఘర్షణలకో, నక్సల్ హింసకో బలైతే ఆదుకునే కేంద్ర పథకం ఆ తర్వాతే వచ్చింది. అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ తేదీని గమనించండి. మక్కా మసీదు, లుంబినీ పార్కు, గోకుల్ చాట్, ఈ మూడూ ఆ తేదీకి కొద్ది నెలల ముందువి. కష్టం ఒక్కటే, నష్టం ఒక్కటే. కాగితం మీద ఒక తేదీ మాత్రం ఈ కుటుంబాలను గీతకు అవతల నిలబెట్టింది. సాయం ముందునుంచే చట్టంలో ఉండి ఉంటే ఆ గీత ఉండేదే కాదు.

ఆ పథకం కింద మొదట 3 లక్షల రూపాయలు ఇచ్చేవారు. 2016 ఆగస్టులో దాన్ని 5 లక్షలు చేశారు. సరిహద్దు కాల్పులకు, మందుపాతరలకు బలైనవాళ్ళను కూడా అప్పుడే కలిపారు. 2022లో పథకాన్ని మరికొన్నేళ్ళు పొడిగించారు కానీ మొత్తం 5 లక్షలే. ఈ డబ్బు చేతికి నేరుగా రాదు. బ్యాంకులో మూడేళ్ళపాటు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు, వడ్డీ మాత్రం మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. ఇందులో ఒక మంచి ఆలోచన ఉంది. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఇంటికి ఒక్కసారిగా డబ్బొస్తే అప్పులవాళ్ళో, చుట్టాలో లాక్కుపోకుండా కాపాడటం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను కాదనను. కానీ ఇంటికి సంపాదించి తెచ్చే మనిషి పోయిన మొదటి నెలలో వడ్డీ డబ్బుతో ఇల్లు గడుస్తుందా? పిల్లల ఫీజు ఆగుతుందా? దవాఖానా బిల్లు ఆగుతుందా? ఐకేపీ కేంద్రంలో ధాన్యానికి ధర ప్రకటించడం వేరు, డబ్బు రైతు ఖాతాలో పడటం వేరు. ఆ మధ్య రోజులు ఎట్లా గడుస్తాయో మిర్యాలగూడ, కోదాడ రైతులకు నేను చెప్పక్కర్లేదు. బాధిత కుటుంబానికి ఆ మధ్య రోజులు ఇంకా బరువు. అందుకే డిపాజిట్ చేసే సొమ్ము వేరుగా ఉండాలి, వెంటనే చేతికిచ్చే సొమ్ము వేరుగా ఉండాలి. రెండూ హక్కుగా రావాలి.

ఇక రెండో ప్రశ్న. ఎవరికి? 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు సైకిళ్ళకు కట్టిన బాంబులు పేలాయి. ఒకటి 107 నంబరు బస్టాపు దగ్గర, ఇంకొకటి మిర్చి సెంటర్ దగ్గర. 18 మంది చనిపోయారు. 131 మంది గాయపడ్డారు. మన ప్రాంతానికి దిల్‌సుఖ్‌నగర్ పరాయి చోటు కాదు. మన పిల్లలు కోచింగులకు పోయేది అక్కడికే. అద్దె గదులు, హాస్టళ్ళు అక్కడే. సూర్యాపేట వైపు బస్సెక్కేదీ ఆ దారిలోనే. ఆ సాయంత్రం మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళల్లో ఫోన్లు మోగాయో, ఎందరు తల్లులు పిల్లల గొంతు వినేదాకా అన్నం ముట్టలేదో మీకు గుర్తుండే ఉంటుంది. మర్నాడు పేపర్లలో సాయం ప్రకటనలు వచ్చాయి. మృతుల కుటుంబాలకు రాష్ట్రం ఒక మొత్తం ప్రకటించింది. ప్రధానమంత్రి సహాయనిధి నుంచి మరో మొత్తం ప్రకటించారు. కేసు కూడా నడిచింది. 2016 డిసెంబరులో ఎన్ఐఏ కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. పేలుడు జరిగిన పన్నెండేళ్ళకు హైకోర్టు మాట వచ్చిందన్నమాట. పట్టుబడిన నేరస్థులు ఏ జైల్లో ఉన్నారో రాజ్యానికి ప్రతిరోజూ తెలుసు. ఆ 131 మంది ఎక్కడున్నారు? ఎవరి కాలు ఎట్లా ఉంది? ఎవరికి ఇంకా ఆపరేషన్ కావాలి? వాళ్ళ పేర్ల రిజిస్టరు ఒకటి పెట్టి, ఏడాదికోసారి కబురు కనుక్కునే బాధ్యత ఏ ఒక్క ఆఫీసు మీదా లేదు.

గాయపడ్డవాళ్ళ గురించి ఇంకాస్త ఆగి మాట్లాడుకోవాలి. ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది వాళ్ళకే. చనిపోయినవారి కుటుంబానికి తక్కువో ఎక్కువో సాయం అందుతుంది. గాయపడ్డవారి దగ్గర మాత్రం లెక్క మారిపోతుంది. కేంద్ర పథకం వర్తించాలంటే శాశ్వత వైకల్యం 50 శాతమో అంతకు మించో ఉండాలి. బాంబులో పెట్టిన మేకులు, ఇనుప ముక్కలు శాతాలు చూసుకుని దిగవు. ఒక చెవి వినికిడి పోయినవాడికి ఎంత శాతం? నాలుగు వేళ్ళు వంగని దర్జీకి ఎంత? ఒంట్లో మిగిలిపోయిన ఇనుపముక్క వల్ల బరువులెత్తలేని హమాలీకి ఎంత? వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో డాక్టరు కొలిచేది అవయవాన్ని. ఆ అవయవం మీద ఆధారపడ్డ కూలిని కాదు. 40 శాతమని సర్టిఫికెట్ వస్తే వికలాంగుల పింఛనుకు అర్హత ఉంటుంది, ఈ పథకానికి మాత్రం ఉండదు. ఒకే మనిషి, ఒకే గాయం. ఒక పథకం కళ్ళకు కనిపిస్తాడు, ఇంకో పథకం కళ్ళకు కనిపించడు. పైగా గాయం ఆ రోజుతో ఆగదు. పేలుడు చూసిన మనిషికి నిద్ర పట్టదు. పటాకుల చప్పుడుకు ఉలిక్కిపడతాడు. జనం గుమిగూడిన చోటికి పోలేడు. దానికి శాతమే లేదు. దానికి మందు ఇచ్చే డాక్టరు మండలంలో దొరకడు.

'ఎవరికి' అన్న ప్రశ్నకు ఇంకో ముఖం కూడా ఉంది. మళ్ళీ సూర్యాపేట బస్టాండుకు రండి. కానిస్టేబులు, హోంగార్డు పక్కపక్కనే నిలబడి డ్యూటీ చేశారు. తూటాలు వాళ్ళిద్దరి హోదాలు చూడలేదు. కానీ కానిస్టేబులు ప్రభుత్వ ఉద్యోగి. ఆయన కుటుంబానికి పింఛను ఉంటుంది, కారుణ్య నియామకం ఉంటుంది. హోంగార్డుకు ఇచ్చేది రోజు లెక్కన భత్యం. ఒకే రాత్రి, ఒకే బస్సు, ఒకే తనిఖీలో ప్రాణమిచ్చిన ఇద్దరి కుటుంబాల భవిష్యత్తు రెండు వేరు వేరు నిబంధనల కింద పడింది. ఉగ్రవాదికి ఎదురు నిలిచి చనిపోయిన మనిషి కుటుంబానికి హోదాతో సంబంధం లేకుండా ఒకే హక్కు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రభుత్వం తలచుకుంటే చేయలేదా అంటే, చేయగలదు. దానికీ సూర్యాపేటలోనే సాక్ష్యం ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన కల్నల్ సంతోష్ బాబు అమరుడయ్యారు. అది ఉగ్రవాద దాడి కాదు, సరిహద్దు ఘర్షణ. అయినా ఆదుకునే పద్ధతి గురించి మనకు ఒక పాఠం చెబుతుంది. వారం రోజుల్లోనే అప్పటి ముఖ్యమంత్రి స్వయంగా సూర్యాపేట వచ్చి 5 కోట్ల రూపాయల సాయం, హైదరాబాదులో 711 గజాల ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం పత్రాలు అందించారు. అదే ఘర్షణలో చనిపోయిన మిగతా 19 మంది సైనికుల కుటుంబాలకూ, వాళ్ళది ఏ రాష్ట్రమైనా సరే, తలా 10 లక్షలు ప్రకటించారు. ఆ గౌరవానికి ఆ కుటుంబం నూటికి నూరుపాళ్ళూ అర్హమైనది. అందులో ఒక్క రూపాయి ఎక్కువని నేను అనడం లేదు. నేను చెప్పేది ఇది. వారంలో పని జరిగింది. ఫైలు కదిలింది, స్థలం దొరికింది, ఉద్యోగం దొరికింది. అంటే ఆలస్యం అనేది ప్రభుత్వం చేత కాక జరిగేది కాదు. వెంటనే చేయాలన్న నియమం లేక జరిగేది. దేశం మొత్తం చూస్తున్నప్పుడు వారంలో జరిగింది, ఎవరూ చూడనప్పుడు కూడా వారంలో జరగాలి. అలా జరిపించేది చట్టమే, ఇంకేదీ కాదు.

చట్టం లేని సాయం ఎంత బలహీనమో చూపే ఉదాహరణ మక్కా మసీదు కేసులోనే ఉంది. ఆ పేలుడు తర్వాత పోలీసులు పట్టుకున్న ముస్లిం యువకుల్లో చాలామంది నిర్దోషులని కోర్టులు తేల్చాయి. దర్యాప్తు వేరే దారి పట్టింది. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ యువకులకు పరిహారం ఇచ్చింది. అది మంచి పని. దాడి వల్ల బతుకు చెదిరినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారని ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ పరిహారం ఒక ప్రభుత్వ ఉత్తర్వు మీద నిలిచింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఉత్తర్వు ఇచ్చినంత తేలికగా పోయింది. శాసనసభ చేసిన చట్టంలో ఆ హక్కు రాసి ఉంటే అంత తేలికగా పోయేది కాదు. సాయం చేయాలన్న మంచి మనసు ఒక్కటే చాలదని, దానికి చట్టం పునాది కావాలని అందుకే అంటున్నాను.

మూడో ప్రశ్నకు వద్దాం. ఎన్నాళ్ళు? దీనికి అమెరికా అనుభవం చూడాలి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో, వాషింగ్టన్ దగ్గర దాడులు జరిగాయి. మూడు రోజుల్లో వాళ్ళ పార్లమెంటు 4 వేల కోట్ల డాలర్ల అత్యవసర నిధికి ఆమోదం తెలిపింది. అందులో ఒక షరతు రాశారు. కనీసం సగం సొమ్ము దాడి జరిగిన ప్రాంతాలను ఆదుకోవడానికే వాడాలి. మొత్తం భద్రతకే తరలిపోకూడదు. ఈ షరతు మనం నేర్చుకోదగ్గది. మరోసారి చెబుతాను. సగం ఆదుకోవడానికి అని చట్టంలోనే రాశారు. బాధితులకు వేరే పరిహార నిధి కూడా పెట్టారు. అయితే ఆ నిధి దరఖాస్తులను 2003 చివరికి ముగించేశారు. అక్కడ వాళ్ళూ పొరపడ్డారు. శిథిలాల దుమ్ము పీల్చిన అగ్నిమాపక సిబ్బందికి, కూలీలకు, చుట్టుపక్కల జనానికి ఆ తర్వాత ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు బయటపడ్డాయి. వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక 2011లో నిధిని మళ్ళీ తెరిచారు. 2019లో దాన్ని 2090 దాకా పొడిగించారు. అంటే ఆ రోజు పసిపిల్లవాడు ముసలివాడయ్యేదాకా నిధి ఉంటుంది. దాడి ఒక్క రోజుది, దాని ఫలితం ఒక జీవితకాలానిది అని అంత ధనిక దేశానికే తెలిసిరావడానికి పదేళ్ళు పట్టింది.

'అమెరికా దగ్గర డబ్బుంది, మనకెక్కడిది' అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఫ్రాన్సును చూడండి. 1986లో పారిస్‌లో వరసగా బాంబులు పేలినప్పుడు వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటికో, వాహనానికో, దుకాణానికో బీమా చేసుకునే ప్రతి ఒక్కరి పాలసీ మీదా కొద్దిపాటి రుసుము వసూలు చేస్తారు. ఆ సొమ్మంతా ఒక నిధిలో పడుతుంది. దాడి జరిగితే బాధితుడు అడిగిన నెలలోపు కొంత సొమ్ము ముందుగా ఇవ్వాలని వాళ్ళ చట్టం. మిగతాది లెక్క తేలాక. బడ్జెట్టు మీద బరువు పడదు, ఎవరి దయా అక్కర్లేదు. ఇలాంటి ఉమ్మడి ఏర్పాటు మనకూ కొత్త కాదు. 2002లోనే మన దేశంలోని సాధారణ బీమా కంపెనీలు కలిసి ఉగ్రవాద నష్టాలకు ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. జీఐసీ దాన్ని నడుపుతోంది. కానీ అది ప్రీమియం కట్టిన ఆస్తులకు. మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు అలాంటి పాలసీ తీసుకునే వీలుంది. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పండ్ల బండి నడుపుకునే మనిషికి అలాంటిది ఉందని కూడా తెలియదు. యంత్రాల కోసం ముందుచూపుతో నిధి పెట్టుకోగలిగిన దేశం, మనుషుల కోసం పెట్టుకోలేదంటే నమ్మలేం.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. 'ఉన్న డబ్బు భద్రతకే పెట్టాలి. దాడే జరగకపోతే బాధితులే ఉండరు కదా' అంటారు. బలమైన వాదన. దీన్ని తీసిపారేయకూడదు. 2007 పేలుళ్ళ తర్వాతే అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే ఆక్టోపస్ దళాన్ని ఏర్పాటు చేసింది. ముంబయి దాడుల తర్వాత ఎన్ఐఏ వచ్చింది, హైదరాబాదుకు ఎన్‌ఎస్‌జీ కేంద్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ ఏడాదిలోనే జనం గుమిగూడే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఇవన్నీ కావలసినవే. కానీ సూర్యాపేటలో ఆ అర్ధరాత్రి తూటాలకు ఎదురు నిలిచింది ప్రత్యేక దళం కాదు. జిల్లా పోలీసులు. జానకీపురంలో ఎదురు నిలిచిందీ జిల్లా పోలీసులే. దాడి ఎక్కడ జరుగుతుందో ముందు తెలియదు. మొదటి పది నిమిషాల్లో అక్కడ ఉండేది ఆ స్టేషను సిబ్బందే. కాబట్టి భద్రత సొమ్ములో స్టేషను వాటా పెరగాలి. బులెట్‌ప్రూఫ్ జాకెట్లు, పనిచేసే ఆయుధం, దాన్ని వాడే శిక్షణ స్టేషను దాకా రావాలి. ఇక్కడే భద్రత, ఆదుకోవడం కలిసిపోతాయి. తనకేమైనా అయితే తన ఇల్లు నిలబడుతుందన్న భరోసా ఉన్న హోంగార్డు ముందుకు ఉరుకుతాడు. సాక్ష్యం చెబితే, గాయపడితే ప్రభుత్వం వదిలేయదన్న నమ్మకం ఉన్న ఊరు అనుమానితుల సమాచారం ఇస్తుంది. ఆ నమ్మకం కెమెరాలతో కొనేది కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది. అది మన జిల్లాలో మరింత గట్టిగా వినిపిస్తుంది. 'విజయవాడ హైవే మీద ప్రమాదాల్లో ఎందరో పోతున్నారు. వాళ్ళ ప్రాణం ప్రాణం కాదా? ఉగ్రవాద బాధితులకే ప్రత్యేక నిధి ఎందుకు?' అంటారు. నిజమే, ఏ చావైనా ఇంటికి ఒకటే. అయితే రోడ్డు ప్రమాదంలో బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు పోవచ్చు. అడగడానికి ఒక ఓనరు ఉంటాడు, ఒక బీమా కంపెనీ ఉంటుంది. ఉగ్రవాద దాడిలో అడగడానికి ఎవరున్నారు? చంపినవాడి దగ్గర పరిహారం రాదు. పైగా వాడు ఆ మనిషి మీద పగతో కాల్చలేదు. దేశం మీద పగతో కాల్చాడు. దేశానికి తగలాల్సిన దెబ్బ ఆ మనిషికి తగిలింది. అందుకే దేశం బాధ్యత తీసుకోవాలి. ఇక డబ్బు విషయానికొస్తే, దాడుల్ని ఎదుర్కోవడానికి పెట్టిన ఖర్చు ప్రమాద బాధితులకూ పనికొస్తుంది. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. తీవ్ర గాయాలకు ఇరవై నాలుగు గంటలూ ఆపరేషన్ చేయగల ట్రామా విభాగం, చాలినంత రక్తం, మత్తు డాక్టరు అక్కడ సిద్ధంగా ఉంటే, తూటా తగిలిన పోలీసుకూ, లారీ గుద్దిన రైతుకూ ఒకేలా ప్రాణం నిలుస్తుంది. సిద్ధయ్యను కాపాడుకోవడానికి హైదరాబాదు దాకా తీసుకుపోవలసి వచ్చింది. తుంగతుర్తి నుంచి, జానకీపురం నుంచి హైదరాబాదు దూరం తగ్గదు. ఆస్పత్రి మాత్రం దగ్గరికి రావచ్చు.

'హక్కని రాస్తే దొంగ దరఖాస్తులు వస్తాయి' అన్న భయం గురించి ఒక్క మాట. ఉగ్రవాద దాడికి ఎఫ్ఐఆర్ ఉంటుంది, ఆస్పత్రి రికార్డు ఉంటుంది, పోలీసుల జాబితా ఉంటుంది. రెండు రోజుల్లో పేర్లన్నీ తెలిసిపోతాయి. దళారులు పుట్టేది హక్కు వల్ల కాదు. ఎక్కడ అడగాలో తెలియనప్పుడు, ఫైలు నెలలకొద్దీ ఆగినప్పుడు పుడతారు.

శ్రోతలారా, కొంత చట్టం ఇప్పటికే మన చేతిలో ఉంది. అది తెలిసినవాళ్ళే తక్కువ. నేర బాధితుల పరిహారానికి 2009 చివరినుంచి చట్టంలో చోటుంది. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 396వ సెక్షను. నేరస్థుడు దొరక్కపోయినా, కేసు విచారణ మొదలు కాకపోయినా బాధితుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. ఆ సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించాలి. స్టేషను హౌస్ ఆఫీసరో, మేజిస్ట్రేటో ధ్రువపత్రం ఇస్తే అంతకు ముందే ఉచిత వైద్యం, మధ్యంతర సాయం ఇప్పించవచ్చు. కేంద్రం ఇచ్చే 5 లక్షలు వేరు. దానికి జిల్లా కలెక్టరు దగ్గరికి పోవాలి. మనకు కావలసిన మార్పు పెద్దదేం కాదు. ఈ రెండు దారుల్నీ కలిపి ఒకే కౌంటరు పెట్టాలి. 50 శాతం వైకల్యమన్న గీత తీసేసి, పోయిన సంపాదనను కొలవాలి. వారంలోపు మధ్యంతర సాయం తప్పనిసరి చేయాలి. హోంగార్డుకూ కానిస్టేబులుకూ ఒకే కొలత పెట్టాలి. గాయపడ్డవాళ్ళ రిజిస్టరు జిల్లాకొకటి ఉండాలి, బాధితుడు బతికున్నన్నాళ్ళూ అది మూతపడకూడదు. దీనికి శాసనసభ ఒక చట్టం చేయాలి, బడ్జెట్టులో ఒక పద్దు పెట్టాలి.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఊళ్ళో, మీ బంధువుల్లో 2008 తర్వాత జరిగిన దాడుల్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, గాయపడ్డవాళ్ళు ఉంటే వాళ్ళ కాగితాలు ఒకచోట చేర్పించండి. ఎఫ్ఐఆర్ నకలు, ఆస్పత్రి డిశ్చార్జి పత్రం, సదరం సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. వాటితో సూర్యాపేట కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పంపండి. అక్కడ దరఖాస్తుకు ఫీజు లేదు. రాయడం రాకపోతే అక్కడివాళ్ళే రాసిపెడతారు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇంకో కాపీ ఇచ్చి, రశీదు అడిగి తీసుకోండి.